యంత్రాలూ మనమూ: మాట మధ్యలో తెగితే

నెల్లూరు నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ వారం నా బల్ల మీద అన్నిటికంటె పైన ఉంది. నాలుగు పేజీల ఉత్తరం. అందులో యంత్రాన్ని గురించి పట్టుమని పది వాక్యాలు లేవు. తక్కినదంతా చుట్టరికాల గొడవే. అయినా ఈ శీర్షిక మొదలుపెట్టిన తర్వాత ఒక యంత్రం జబ్బును ఇంత స్పష్టంగా తెలియజేసిన ఉత్తరం నాకు మరొకటి రాలేదు. సంగ్రహంగా చెబుతాను.

వారి రెండో అబ్బాయి ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. వేసవి సెలవుల్లో సెల్‌ఫోనులో క్రికెట్టు చూస్తూ కూచోక, సొంతంగా ఒక కబుర్ల ప్రోగ్రాము వ్రాశాడు. ఇక్కడ టైపు చేస్తే అక్కడ కనబడుతుంది, అక్కడివారి జవాబు ఇక్కడ కనబడుతుంది. డబ్బు కోసం కాదు, పరీక్ష కోసం కాదు, ఊరికే సరదాకు. దాన్ని తమ ఇంట్లోనూ, విశాఖపట్నంలో పెద్దమ్మగారి ఇంట్లోనూ పెట్టాడు. హైదరాబాదులో ఉన్న మేనమామ మాత్రం, “నీ ప్రయోగాలు నా మీద చెయ్యకురా అబ్బాయీ” అని, తయారుగా దొరికే ప్రోగ్రామొకటి ఫోనులో వేసుకుని అదే గదిలోకి వస్తూంటాడు. రాత్రి భోజనాలయ్యాక తోబుట్టువులు ముగ్గురూ ఆ గదిలో చేరి కబుర్లు చెప్పుకునేవారు. మొదటి నెల పెళ్ళివారి విడిదిలా సందడిగా సాగిందట.

తర్వాత తిప్పలు మొదలయినాయి. నెల్లూరువారి లైను ఉన్నట్టుండి తెగిపోతుంది. మళ్ళీ ప్రోగ్రాము తెరిస్తే వస్తుంది, కాసేపటికి మళ్ళీ తెగుతుంది. తీగ బాగులేదన్నారు. కేబులు మనిషి వచ్చాడు, డబ్బా మార్చాడు, డబ్బు పుచ్చుకున్నాడు, వెళ్ళాడు. లైను ఆ రాత్రే మళ్ళీ తెగింది.

ఇంతలో విశాఖపట్నం అక్కయ్యగారి అమ్మాయికి పెళ్ళి కుదిరింది. శ్రావణంలో ముహూర్తం. ఒక రాత్రి అక్కయ్యగారు కూచుని, మంటపం సంగతీ, బస సంగతీ, రైళ్ళ సంగతీ పెద్దగా వ్రాసి పంపారు. సరిగ్గా అప్పుడే నెల్లూరు లైను తెగింది. హైదరాబాదు తమ్ముడు మాత్రం తన ఫోనులో చదివి, వెంటనే నెల్లూరుకు టెలిఫోను చేశాడు: “అక్కయ్య మనల్నెవర్నీ పెళ్ళికి రావద్దంటోంది.” అవతల అక్కయ్యగారి బాధ మరొకటి. “నేను పిలుస్తూండగానే, ఒక్క మాటయినా అనకుండా మీరు లేచి వెళ్ళిపోయారు” అని ఆవిడ. పన్నెండు రోజులయింది, ఇటువారటూ అటువారిటూ పలకరించుకోలేదు.

“ఆ ప్రోగ్రాము తీసి పారెయ్యమని మావారు అంటున్నారు. అబ్బాయి సరిగా అన్నం తినడం లేదు. లోపం తీగలో ఉందా, ప్రోగ్రాములో ఉందా, మాలో ఉందా?” అని ఆ సోదరి అడుగుతున్నారు.

మూడో ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం నాకు లేదమ్మా. మొదటి రెంటికీ చెబుతాను.

ముందు ఆ అబ్బాయి ఎటువంటి వాహనం మీద ఎక్కాడో తెలియాలి. అతను కొత్త పద్ధతేదీ కనిపెట్టలేదు. ఐ.ఆర్.సి. అనే పాత పద్ధతిని అనుసరించి వ్రాశాడు. 1988 ఆగస్టులో ఫిన్లండు దేశంలో ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ అనే యువకుడు దీన్ని తయారుచేశాడు. ఒక సర్వరు ఉంటుంది. అందులో గదులుంటాయి. గదిలో ఒకరన్న మాటను సర్వరు తక్కినవారందరికీ అందజేస్తుంది. అంతే. 1991 ఆగస్టులో మాస్కోలో ప్రభుత్వాన్ని కూలద్రోయబోయినప్పుడు అక్కడి సమాచారం ఈ గదుల ద్వారా బయటికి వచ్చింది. 1993 మేలో దీని నిబంధనలను అందరికీ తెలిసేటట్టు ప్రకటించారు. ఎవరయినా సరే, ఆ కాగితాలు చదువుకుని, సొంత ప్రోగ్రాము వ్రాసుకోవచ్చును. ఇల్లు కట్టుకునేవాడికి ప్లానూ, కొలతలూ ఉచితంగా ఇచ్చినట్టు.

పెద్ద పెద్ద కంపెనీలవారు పెట్టిన కబుర్ల దుకాణాలు ఎన్నో మూతబడినాయి. ఎ.ఓ.ఎల్.వారిది 2017లో పోయింది, యాహూవారిది 2018లో పోయింది, ఐ.సి.క్యూ. 2024 జూన్‌లో పోయింది. ఈ పాతది మాత్రం, తగాదాలు పడుతూ, చీలిపోతూ, వేరింటి కాపురాలు పెడుతూ, ఇంకా ఉన్నది. 1996లో పెద్ద చీలిక వచ్చి రెండు వలలయినాయి. 2021 మేలో మరొక పెద్ద వలను నడిపే స్వచ్ఛంద సేవకులు కట్టగట్టుకుని బయటికి వచ్చి లిబేరా అనే కొత్త వల పెట్టుకున్నారు. ఉమ్మడి కుటుంబాలు తెలిసిన మనకు ఇందులో వింతేమీ లేదు.

ఇక జబ్బు. “లైను తెగింది” అనే మాటకు బొత్తిగా అర్థం లేదు. కడుపునొప్పి అన్నంత మాట అది. లోపలికి అసలు పోలేకపోవడం వేరు, పోయినాక బయట పడడం వేరు. ఈ రెంటినీ కలిపి మాట్లాడినంత కాలం కేబులు మనుషులకు పని దొరుకుతూనే ఉంటుంది.

లోపలికి పోలేని వారికి యంత్రం సాధారణంగా మూడు రకాల జవాబులలో ఒకటి చెబుతుంది. ఆ జవాబును చదవకుండా మూసేయడమే మన అలవాటు. ‘హోస్ట్ నాట్ ఫౌండ్’ అంటే, మీరు చెప్పిన పేరుకు చిరునామా దొరకలేదని. సర్వర్లకు పేర్లు మన సౌకర్యం కోసం; యంత్రానికి అంకెలు కావాలి. పేరు చెబితే అంకెలు చూసి చెప్పే డైరెక్టరీ వేరే చోట ఉంటుంది. పేరులో ఒక అక్షరం తప్పు పడినా, ఆ డైరెక్టరీ పలకకపోయినా ఈ జవాబే వస్తుంది. అటువంటప్పుడు తీగను కదిపి ప్రయోజనం లేదు. ముందు పేరు సరిచూసుకోవాలి. తర్వాత అదే యంత్రంలో మరేదయినా పేరు తెరుచుకుంటుందేమో చూడాలి.

‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే చాలామంది, మనల్ని వెలివేశారేమో అనుకుంటారు. కాదు. నిజానికి ఇది శుభవార్త. ఇల్లు దొరికింది, వీధి మంచిదే, మనిషి పలికాడు. కాని మీరు తట్టిన తలుపు వెనక ఎవరూ లేరు. ఒక్కొక్క సర్వరుకు వేలకొద్దీ తలుపులుంటాయి, వాటికి నంబర్లుంటాయి. ఐ.ఆర్.సి.కి వాడుకగా వస్తున్న తలుపు 6667. మాటలకు తాళం వేసి పంపే రహస్య మార్గానికి 6697. రహస్య మార్గం మాటలు 6667 దగ్గర మాట్లాడినా, తాళం లేని మాటలు 6697 దగ్గర మాట్లాడినా పని జరగదు. తలుపు ఉంటుంది గాని, ఒకరి భాష ఒకరికి తెలియదు. సొంతంగా ప్రోగ్రాము వ్రాసుకునే కుర్రవాళ్ళు మొదటి రోజున ఇక్కడే సగం రాత్రి పోగొట్టుకుంటారు.

మూడోది ‘టైమవుట్’. ఇదే అన్నిటికంటె చికాకయినది. తట్టాం, ఎవరూ పలకలేదు, లేరని కూడా చెప్పలేదు. దారిలో ఎవరో కాపలాదారు మీ ఉత్తరాన్ని చించి బుట్టలో వేశాడన్నమాట. కాలేజీ హాస్టళ్ళలోనూ, ఆఫీసులలోనూ ఇది సర్వసాధారణం. ఈ అనుమానం వచ్చినప్పుడు దివ్యమైన పరీక్ష ఒకటి ఉంది. ఇంటి వైఫై కట్టేసి, సెల్‌ఫోను హాట్‌స్పాట్ మీద అదే ప్రోగ్రామును నడిపించండి. అప్పుడు పలికితే లోపం మీ ప్రోగ్రాములో లేదు, మీ ఇంటి దారిలో ఉంది. అప్పుడూ పలకకపోతే కేబులు మనిషిని పిలవకండి.

‘పింగ్’ అనే చిన్న ప్రోగ్రాముతో పరీక్షించమని కొందరు సలహా ఇస్తారు. 1983 డిసెంబరులో అమెరికాలో మైక్ మూస్ అనే ఆయన దాన్ని వ్రాశాడు. జలాంతర్గాములు శబ్దం పంపి ప్రతిధ్వని విని దూరం తెలుసుకుంటాయి చూడండి, ఆ శబ్దాన్ని బట్టి పెట్టిన పేరు. మంచి పనిముట్టే. కాని దాన్ని నమ్మి మోసపోకండి. పింగ్‌కు పలికిన యంత్రంలో మీకు కావలసిన తలుపు మూసి ఉండవచ్చు. పింగ్‌కు పలకని యంత్రం తలుపు బార్లా తెరిచి ఉండవచ్చు. వీధి అరుగు మీద మనిషి కనబడినంత మాత్రాన వంటింట్లో పొయ్యి వెలిగిందని చెప్పగలమా?

నెల్లూరువారి చిక్కు ఇందులో ఏదీ కాదు. వారు లోపలికి పోతూనే ఉన్నారు. పోయినాక బయట పడుతున్నారు. అందుచేత ఆ అబ్బాయికి జవాబు వ్రాసి, ప్రోగ్రాము తన దినచర్య వ్రాసుకునే ఫైలు ఉంటుందిగదా, అది పంపమన్నాను. బుద్ధిమంతుడు, మర్నాడే పంపాడు. లైను పదకొండు సార్లు తెగింది. పదకొండింటికీ టైము వేసి ఉంది. పక్కన ఆ సమయానికి గదిలో ఎవరు మాట్లాడుతున్నారో వ్రాసి ఉంది.

రెండు సార్లు తెల్లవారు జామున తెగింది, గదిలో ఎవరూ లేరు. తక్కిన తొమ్మిది సార్లూ విశాఖపట్నం పెద్దమ్మగారు ఏదో వ్రాస్తూన్నప్పుడు తెగింది. తమ్ముడు వ్రాసినప్పుడు ఒక్కసారీ తెగలేదు. తీగకు మనుషుల మీద ఇంత పక్షపాతం ఉండదు. తమ్ముడు ఇంగ్లీషు అక్షరాలలో “ఓకే అక్కా” అన్నంతలో ముగిస్తాడు. అక్కయ్యగారు శుభ్రమైన తెలుగులో, తెలుగు లిపిలో, ఉత్తరం వ్రాసినట్టు వ్రాస్తారు. లోపం ఆచూకీ ఇక్కడే ఉంది.

తెల్లవారు జామున తెగిన రెండింటి సంగతి ముందు ముగిస్తాను. ఆ వేళకు కరెంటు పోయింది. ఇంటి రౌటరు ఆగి మళ్ళీ లేచింది. ల్యాప్‌టాపుకు బ్యాటరీ ఉంది గనుక దానికి ఏమీ తెలియలేదు. అవతల సర్వరుకూ, ఇవతల ల్యాప్‌టాపుకూ మధ్య వంతెన కూలిపోయింది. ఇద్దరూ వంతెన ఉందనే అనుకుంటున్నారు. సర్వరు కొంతసేపటికొకసారి ‘పింగ్’ అని పలకరిస్తుంది (ఇది ఇందాకటి పింగ్ కాదు, పేరొక్కటే). దానికి మన ప్రోగ్రాము ‘పాంగ్’ అని బదులివ్వాలి. బదులు రాకపోతే సర్వరు, పాపం పోయారు కాబోలునని, పేరు కొట్టేస్తుంది. సర్వరుకు ఈ తెలివి ఉంది. అబ్బాయి ప్రోగ్రాముకు లేదు. అది సర్వరు పలకరిస్తే జవాబిస్తుందే గాని, తనంత తాను ఎన్నడూ పలకరించదు. వినేవాడు వింటూనే కూచుంటాడు. మాటలు రాకపోతే అందరూ నిద్రపోయారనుకుంటాడు. ప్రోగ్రాము కూడా రెండు మూడు నిమిషాలకొకసారి తనే ‘పింగ్’ అనాలి. ఒక నిమిషంలో ‘పాంగ్’ రాకపోతే పాత వంతెనను వదిలి కొత్తది కట్టుకోవాలి.

కట్టుకునేటప్పుడు మరొక తమాషా జరుగుతుంది. సర్వరు ఇంకా పాత పేరు కొట్టెయ్యలేదనుకోండి, మీరు మీ పేరే చెబితే, ‘433, ఈ పేరు గలవారు గదిలో ఉన్నారు’ అంటుంది. గదిలో ఉన్నది మీ ప్రేతమే! ప్రోగ్రాము కంగారు పడకుండా పేరు చివర ఒక గీత తగిలించి లోపలికి పోవాలి. ఆ ప్రేతం తొలగిపోయాక తన పేరు తను పుచ్చుకోవాలి. ఇంకొకటి. తెగిన వెంటనే క్షణానికొకసారి తలుపు బాదకూడదు. సర్వరుకు కోపం వచ్చి కొంతకాలం ఆ ఇంటివారినే రానివ్వదు. అయిదు సెకండ్లు ఆగి, తర్వాత పది, తర్వాత ఇరవై, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవాలి.

ఇక అసలు సంగతికి వస్తాను.

1993 నాటి నిబంధనలలో ఒకటి ఇది: ఒక్కొక్క మాట 512 బైట్లకు మించరాదు. చివర వాక్యం ముగిసిందని తెలిపే రెండు గుర్తులతో సహా. దీన్ని వ్రాసినవారి మనసులో ఇంగ్లీషు ఉంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. 500 అక్షరాలంటే ఒక పెద్ద పేరా. ఎవరికి చాలదు?

మనకు చాలదు. 1991 అక్టోబరులో యూనికోడ్ మొదటి సంపుటం వెలువడినప్పుడే తెలుగుకు అందులో చోటు దొరికింది. మరుసటి ఏడు, 1992 సెప్టెంబరులో, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక హోటలులో కూచుని, భోజనం బల్ల మీద పరిచే కాగితం మీద, కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు ఆ అక్షరాలను బైట్లలోకి మార్చే పద్ధతిని వ్రాసుకున్నారు. దాని పేరు యు.టి.ఎఫ్.-8. ఇవాళ లోకమంతా వాడేది అదే. అద్భుతమైన పద్ధతి. కాని అందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటయితే, తెలుగులో ఒక్కొక్క గుర్తుకు మూడు బైట్లు. అక్షరానికి అనలేదు సుమా, గుర్తుకు అన్నాను. హల్లు ఒక గుర్తు, పొల్లు ఒక గుర్తు, గుణింతం ఒక గుర్తు, సున్న ఒక గుర్తు. ‘నమస్కారం’ అంటే మనకు నాలుగు అక్షరాలు. యంత్రానికి ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం 18 బైట్లు పుచ్చుకుంటుంది. అదే మాటను తమ్ముడు ఇంగ్లీషు లిపిలో కొడితే అయిదారింటితో సరిపోతుంది.

ఈ లెక్కన 512 బైట్లలో తెలుగు గుర్తులు 170కి మించి పట్టవు. అదీ మొత్తం జాగా మాటకే ఇస్తే. సర్వరు మాటను పక్కవారికి అందించేటప్పుడు ముందు చెప్పినవారి పేరూ, వారి యంత్రం పేరూ, గది పేరూ తగిలిస్తుంది. ఆ ఖర్చు కూడా అందులోదే. అది పోగా, అటూ ఇటూగా 140 గుర్తులు మిగులుతాయి. మూడు వాక్యాలు. అక్కయ్యగారు కుశలప్రశ్న వేసేసరికే అవి ఖర్చయిపోతాయి.

పరిమితి దాటితే ఏమవుతుంది? కొన్ని సర్వర్లు తిప్పికొడతాయి. చాలా సర్వర్లు మాట్లాడకుండా మిగతాది కత్తిరించి పారేస్తాయి. ఆ కత్తెరకు తెలుగు రాదు. మూడు బైట్ల గుర్తులో మొదటి బైటును ఉంచి తక్కిన రెంటినీ కోసెయ్యడానికి దానికి అభ్యంతరం లేదు. పైగా, వ్రాసినవారి తెర మీద మాట నిండుగా, చెక్కుచెదరకుండా కనబడుతుంది. ఎంచేతంటే, సర్వరు మీ మాటను మీకు తిరిగి పంపదు. మీ ప్రోగ్రాము మీరు కొట్టిందే మీకు చూపిస్తుంది. కాబట్టి అక్కయ్యగారు దేవుడి ముందు ప్రమాణం చేసినా అబద్ధం కాదు. తమ్ముడు ప్రమాణం చేసినా అబద్ధం కాదు.

ఆ రాత్రి అక్కయ్యగారు కొట్టిన మాట చివర ఇలా ఉంది: “అంచేత పిల్లల పరీక్షల మూలాన మీరెవ్వరూ పెళ్ళికి రావద్దని నేనంటానని కలలో కూడా అనుకోకండి. వారం ముందే అందరూ రావాలి.” తమ్ముడికి అందినది: “అంచేత పిల్లల పరీక్షల మూలాన మీరెవ్వరూ పెళ్ళికి రావద్ద”. ఆ తర్వాత ఒక నల్లని వజ్రం ఆకారంలో ప్రశ్నార్థకం. ‘ని’లో ‘న’ తెగిపోయి అలా మిగిలింది. ఆయన దాన్ని ‘రావద్దు’ అని చదువుకున్నాడు. కొమ్ము ఆయనే పెట్టుకున్నాడు.

ఇంగ్లీషులో అయితే ఇంత ప్రమాదం లేదు. ‘అనుకోకండి’ అనే మాట ఆ భాషలో వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. తోక తెగినా తల ఉంటుంది. మన వాక్యానికి ప్రాణం తోకలో ఉంది. క్రియ చివర, కాదన్న మాట క్రియకూ చివర. తెలుగు వాక్యాన్ని వెనక నుంచి కోస్తే అర్థం తగ్గదు, తారుమారవుతుంది. ఫిన్లండు కుర్రవాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

నెల్లూరులో ఎందుకు తెగిందంటారా? అదే ముక్క అక్కడికీ వచ్చింది. అబ్బాయి ప్రోగ్రాము పైతాన్ భాషలో వ్రాశాడు. బైట్లను అక్షరాలుగా మార్చమని చెబితే, పైతాన్ మామూలుగా మహా నిష్ఠగా ఉంటుంది. తెగిన బైటు కనబడగానే “ఇది అక్షరం కాదు” అని పని మానేస్తుంది. ఆ మానెయ్యడాన్ని ఏం చెయ్యాలో అబ్బాయి వ్రాయలేదు. ప్రోగ్రాము మొత్తం కూలిపోయింది. కూలగానే సర్వరు గదిలోని వారందరికీ, “ఫలానావారు వెళ్ళిపోయారు” అని చాటింపు వేస్తుంది. అక్కయ్యగారి తెర మీద, ఆవిడ పిలుపు కింద, మరుక్షణంలో పడిన వాక్యం అది. ఆవిడ ఏమనుకోవాలి?

లోపం ఒకటే. ఒక ఇంట్లో లేచి వెళ్ళిపోయినట్టు కనబడింది, మరొక ఇంట్లో రావద్దన్నట్టు కనబడింది.

చిరంజీవి చెయ్యవలసినవి మూడున్నాయి. మొదటిది, వచ్చిన బైట్లను వచ్చినట్టే అక్షరాలుగా మార్చకూడదు. టి.సి.పి. అనే తపాలా పద్ధతి, బైట్లను వరస తప్పకుండా చేరుస్తుంది గాని, ఒక మాట ఒక్క విడతలో వస్తుందని ఎక్కడా హామీ ఇవ్వలేదు. సగం మాట ఇప్పుడు, సగం తర్వాత రావచ్చు. రెండున్నర మాటలు ఒక్కసారే రావచ్చు. కాబట్టి వచ్చినదంతా ఒక కుండలో పోసుకుంటూ, వాక్యాంతపు గుర్తు కనబడినప్పుడు మాత్రమే ఆ వాక్యం వరకు బయటికి తీసి, అప్పుడు అక్షరాలుగా మార్చాలి. రెండవది, అప్పటికీ చెడిన బైటు తగిలితే కూలిపోకుండా దాని స్థానంలో ఒక గుర్తు వేసి ముందుకు సాగాలి. ఈ రెండూ పదిహేను ఇరవై లైన్ల పని.

మూడవదే ముఖ్యం. పై రెండూ చేసి ఊరుకుంటే లైను తెగడం ఆగుతుంది, మాట తెగడం ఆగదు. నెల్లూరువారికి కూడా ‘రావద్ద’ అనే కనబడుతుంది! పంపేటప్పుడే ప్రోగ్రాము బైట్లు లెక్కపెట్టి, 400 దాటుతుంటే, మాటకూ మాటకూ మధ్య ఖాళీ చూసి విరిచి, రెండు మూడు విడతలుగా పంపాలి. విడత చివర మూడు చుక్కలు పెడితే ఇంకా ఉందని చదివేవారికి తెలుస్తుంది. అక్షరాలు లెక్కపెట్టకూడదు, బైట్లే లెక్కపెట్టాలి. ఇక్కడ పొరపడేవారు చాలామంది.

ఈ మూడో మార్పు నెల్లూరులో చేస్తే చాలదు. మాటను విరవవలసినది విశాఖపట్నంలోని ప్రోగ్రాము. కొత్త ప్రతిని పెద్దమ్మగారి కంప్యూటరులో వెయ్యాలి. అందుకు ఆవిడతో టెలిఫోనులో మాట్లాడక తప్పదు. ముందు ఎవరు చెయ్యాలనే సమస్య లేదు, అబ్బాయే చెయ్యాలి. ఆవిడ తెర మీద పాత మాట ఇంకా ఉంటే, తుడిచెయ్యకుండా ఫోటో తీసి తమ్ముడికి పంపమనండి.

వారి నాన్నగారితో ఒక్క మాట. అందరూ వాడే వాట్సాప్‌లో ఇటువంటి బాధ లేదుగదా అని మీరంటున్నారట. నిజమే, లేదు. రోజూ కబుర్లకు అది వాడుకోండి, తప్పులేదు. కాని మీ అబ్బాయి కాలేజీలో నెట్‌వర్కుల పుస్తకం చదివి మార్కులు తెచ్చుకునే కుర్రవాళ్ళలో, బైటుకూ అక్షరానికీ తేడా ఇంట్లో పెళ్ళి దాకా వచ్చిందని స్వానుభవంతో తెలిసినవాళ్ళు ఎందరుంటారు? పదకొండు సార్లు తెగితే పదకొండు సార్లూ టైము వ్రాసి ఉంచాడు. ప్రోగ్రాము తీసి పారెయ్యకండి.

ఇతర ఉత్తరాలు

గుంటూరు పాఠకులకు: మీ ఇంట్లోనే సర్వరు పెట్టుకుంటే బయటివారు రాలేకపోతున్నారన్నారు. రౌటరు పేజీలో బయటి చిరునామా చూడండి. అది 100తో మొదలై, రెండో అంకె 64కీ 127కీ మధ్య ఉంటే, ఆ చిరునామా మీ ఒక్కరిది కాదు. పాత పద్ధతిలో చిరునామాలు మొత్తం 429 కోట్లే. 2011 ఫిబ్రవరిలో ఉమ్మడి ఖజానాలో చివరి వాటాలు కూడా పంచేశారు. అప్పటి నుంచీ ఒకే చిరునామా వెనక వందల ఇళ్ళను కాపురం పెట్టిస్తున్న కంపెనీలెన్నో ఉన్నాయి. లోపలినుంచి బయటికి పోవచ్చు గాని, బయటినుంచి వచ్చేవాడికి మీ గుమ్మం ఏదో తెలియదు. విడి చిరునామా ఇమ్మని కంపెనీని అడగండి. దానికి వేరే రుసుం అడగవచ్చు. ఇదే కారణం చేత, మీ పొరుగువాడెవడో చేసిన అల్లరికి సర్వరువారు మీ ఇంటిని కూడా కలిపి బహిష్కరించే అవకాశం ఉంది. కోప్పడకుండా వారికి సంగతి వ్రాయండి.

సికిందరాబాదు పాఠకురాలికి: పాత కంప్యూటరు 6697 తలుపు దగ్గర “సర్టిఫికెట్ చెల్లదు” అంటోందన్నారు. ముందు దాని గడియారం చూడండి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ళకేళ్ళు వెనక్కి పోతుంది. అప్పుడు ఇవాళ్టి సర్టిఫికెట్టు ఇంకా పుట్టనే లేదని అనుకుంటుంది. తేదీ సరిగానే ఉంటే, లోపల ఉన్న నమ్మకస్తుల జాబితా పాతదయి ఉంటుంది. 2021 సెప్టెంబరు 30న ఒక పేరు పొందిన మూల సర్టిఫికెట్టుకు గడువు తీరి, పాత యంత్రాలెన్నో ఒక్క రోజున ఇలాగే మొరాయించాయి. ప్రోగ్రాములు కొత్తవి వేయించండి. “సరి చూడకుండా లోపలికి పో” అనే మీటను మాత్రం నొక్కకండి.

కాకినాడ పాఠకులకు: అవును, చూడగలరు. రహస్య మార్గం మీ ఇంటినుంచి సర్వరు వరకే. సర్వరును నడిపేవారు చూడదలిస్తే చూడగలరు. గదికి తాళంమాట పెట్టుకుంటే దారిన పోయేవారు రారు. బ్యాంకు సంగతులు అక్కడ వద్దు.

తెనాలి పాఠకులకు: 1993 నిబంధనల ప్రకారం పేరుకు తొమ్మిది అక్షరాలే. ఇప్పుడు లిబేరాలో 16 దాకా పట్టనిస్తారు. అదీ ఇంగ్లీషు అక్షరాలలోనే. వెంకటసుబ్రహ్మణ్యం అనే పేరు ఆ లిపిలో 19 అవుతుంది. వెంకట అయినా ఉంచుకోండి, సుబ్రహ్మణ్యం అయినా ఉంచుకోండి.